ఒకే రోజు, రెండు చోట్ల

మా మ్యూజియంలో నత్తల గది ఎక్కడని అడిగితే గేటు కాపలాదారు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. జనం చూడటానికి పెట్టినవన్నీ ముందు హాల్లో ఉంటాయి: ఏనుగు ఎముకల గూడు, లోపల దూది కూరిన పులి, గాజు కళ్ల గద్దలు. పిల్లలు అక్కడే ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నా గది కింద, నీళ్ల పంపుల పక్కన. ముప్పై ఒక్క ఏళ్లుగా నా ఉద్యోగం అక్కడే. నలభై ఆరు బీరువాలు, బీరువాకు ఇరవై సొరుగులు, సొరుగు నిండా అగ్గిపెట్టెంత అట్టపెట్టెలు. పెట్టెలో దూది, దూది మీద నత్తగుల్ల, దూది కింద చీటీ.

అసలు సంగతి చీటీలో ఉంటుంది. గుల్ల ఏ జాతిది, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది, ఎవరు ఏరారు. ఈ నాలుగూ లేకపోతే గుల్ల ఎంత అందంగా ఉన్నా నా దృష్టిలో చెత్తే. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లందరికీ ఈ మాట చెప్పేవాణ్ని. కొత్తవాళ్లు చేరడం ఆగిపోయాక, పంపు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు చెప్పాను. పాపం, అతను బుద్ధిగా తలూపాడు.

మేడ మీద పక్షుల గది చూసే ఆయన ఒకరుండేవారు. పక్షులాయన అనేవాళ్లం. రోజూ నాలుగింటికి మెట్ల మీద నుంచి "నీ నత్తలు ఎక్కడికీ పారిపోవులే, వచ్చి టీ తాగు" అని కేకేసేవారు. ఇరవై ఏళ్ల పాటు అదే జోకు. పోయినేడాది ఆయన రిటైరయ్యారు. అప్పటి నుంచి టీ నా గదిలోకే తెచ్చుకుని తాగుతున్నాను.

ఇంటికెళ్తే అక్కడా ఇంతే. మా ఆవిడ వెళ్లిపోయి ఎనిమిదేళ్లయింది. వెళ్లిపోయిందంటే పోయిందని కాదు, రైల్లో నాలుగు గంటల దూరంలో వాళ్లక్క దగ్గర ఉంటోంది. గొడవపడి వెళ్లి ఉంటే నలుగురికీ చెప్పుకోవడానికి ఒక కథైనా ఉండేది. "అక్క దగ్గరికి వెళ్లొస్తా" అంది, వెళ్లింది. వారం అన్నది నెలయింది. నెలాఖరున ఫోన్ చేసి కుట్టుమిషను పంపమంది. మిషను పార్సిల్ చేయించిన రోజున గానీ నాకు విషయం తలకెక్కలేదు. రెండేళ్ల పాటు అడిగినవాళ్లందరికీ "వాళ్లక్కకు ఒంట్లో బాగోలేదు" అని చెబుతూ వచ్చాను. నిజానికి మా వదిన గుండ్రాయిలా ఉంటుంది. మాకు పిల్లలు లేరు. ఇల్లు మాత్రం ఇద్దరికి సరిపడేంత ఉంది.

ఐదేళ్ల కిందట కొత్త డైరెక్టర్ గారు వచ్చి, మ్యూజియం జాబితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి లోకమంతటికీ తెరిచిపెట్టాలన్నారు. ఎక్కడివాళ్లయినా, ఎవరి అనుమతీ అడక్కుండా చూసుకోవచ్చు, తమ పరిశోధనకు వాడుకోవచ్చు. ఇందులో అరవై దాకా మ్యూజియాలు ఇప్పటికే కలిశాయట. నాకు ఒళ్లు మండింది. నా జీవితమంతా కూడబెట్టిన చీటీలు తెచ్చి నడివీధిలో పరుస్తారా అని పక్షులాయన దగ్గర చిందులు తొక్కాను. "పరిస్తే మాత్రం నత్తల్ని ఎవడు చూస్తాడయ్యా" అన్నారాయన. అది ఇంకా మండింది.

రెండున్నరేళ్లు కూర్చుని పంతొమ్మిది వేల పైచిలుకు చీటీలు ఎక్కించాను. జాబితా కింద 'ఈ నెల చూసినవారు' అని ఒక అంకె వస్తుంది. రోజూ ఉదయం వెళ్లగానే అది చూసేవాణ్ని. సున్నా. ఒకరోజు ఒకటి అని ఉంది. పొంగిపోయి క్యాంటీనులో అందరికీ చెప్పాను. ఆ ఒకటి నేనేనని కంప్యూటర్ల గదిలో పిల్ల చెప్పేదాకా తెలియలేదు.

పోయిన చలికాలంలో మొదటి ఉత్తరం వచ్చింది. ఎక్కడో వేరే దేశంలో చదువుకుంటున్న అమ్మాయి. ఎండిపోతున్న ఊటల దగ్గర ఒకప్పుడు ఎన్ని రకాల నత్తలు బతికేవో, ఇప్పుడు ఎన్ని మిగిలాయో లెక్క కడుతోంది. ఈ తెరిచిపెట్టిన జాబితాలే ఆ పిల్లకు ఆధారం. "సర్, మీ మ్యూజియం భవనంలోనే నూట ఎనభై జాతుల నత్తలు, అందులో కొన్ని సముద్రపువి, నివసిస్తున్నట్టు మ్యాపులో ఉంది. నిజమేనా?" అని అడిగింది. చోటు రాయని చీటీలన్నిటికీ, గడి ఖాళీగా ఉంచడం ఇష్టం లేక, నేను మ్యూజియం చిరునామా ఇచ్చేశాను. సిగ్గుపడి, అన్నిటికీ 'చోటు తెలియదు' అని దిద్దాను. ఆ రెండు వాక్యాల ప్రశ్నకు నాలుగు పేజీల జవాబు రాశాను. ఊట నత్తల గురించి, నాచు గురించి, వర్షాకాలంలో మా పంపుల మోత గురించి కూడా రాశాను. ఆ పిల్ల అన్నిటికీ ఓపిగ్గా బదులిచ్చింది. నాకు ఉత్తరం రాసే మనిషి ఒకరున్నారన్న సంతోషంతో కొన్ని వారాలు గడిచాయి.

ఆ తర్వాత ఈ ఉత్తరం వచ్చింది.

"సర్, మీరు ఒకే ఆదివారం ఏటి ఒడ్డున నత్తలు ఏరినట్టూ, అదే ఆదివారం అరవై కిలోమీటర్ల అవతల రాతిగుట్ట ఊట దగ్గర ఏరినట్టూ జాబితాలో ఉంది. ఒకటి రెండయితే తేదీ పొరపాటనుకునేదాన్ని. పదకొండేళ్లలో మూడు వందల పన్నెండు పెట్టెలు ఇలాగే ఉన్నాయి. ఒకే మనిషి ఒకే రోజు రెండు చోట్ల ఎలా ఉన్నారు? నెలాఖరులోగా వివరం తెలియకపోతే ఈ మూడు వందల పన్నెండూ నా లెక్కలోంచి తీసేయాలి. నాకు బాధగా ఉంది, ఎందుకంటే రాతిగుట్ట ఊట నత్త ఆ ప్రాంతంలో ఉండేదనడానికి మీ పెట్టె ఒక్కటే ఆధారం."

నాకసలే ముక్కు మీద కోపం. నిన్న గాక మొన్న పుట్టిన పిల్ల నా చీటీలు దొంగవంటుందా అనుకున్నాను. ఆ పెట్టెలు తీసి ఫొటోలు పంపి నోరు మూయిద్దామని బీరువా తెరిచాను. రాతిగుట్ట ఊట నత్త పద్నాలుగో బీరువాలో ఉంది. వడ్లగింజ కన్నా చిన్నది. దూది ఎత్తి చీటీ తీశాను. సేకరించినవారు: నా పేరు. చేతిరాత నాది కాదు. గుండ్రటి అక్షరాలు, కొమ్ములు కాస్త పొడుగు. తర్వాతి పెట్టె తీశాను. దాని తర్వాతిది తీశాను. అన్నీ మా ఆవిడ రాతే.

సొరుగు మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే స్టూలు మీద కూర్చుండిపోయాను.

జరిగింది చెబుతాను. పెళ్లయిన కొత్తలో ఆదివారమైతే ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. నేను నేల వంక చూస్తూ నడిచేవాణ్ని, ఆమె రాళ్లు తిరగేసేది. నాకన్నా ఆమెకే ఎక్కువ దొరికేవి. మ్యూజియంలో ఒక నియమం ఉంది: ఉద్యోగి ఏరినవి నేరుగా పుస్తకంలోకి ఎక్కుతాయి, బయటివాళ్లవి కమిటీ చూడాలి, కమిటీ ఏడాదికోసారి కూర్చుంటుంది. అందుకని ఎవరికి దొరికినా నా పేరే రాసేవాళ్లం. కలిసే ఉన్నాం కదా, ఎవరి పేరైతేనేం అనుకున్నాం. తొమ్మిదేళ్లు అలా గడిచాక నాకు ప్రమోషన్ వచ్చింది. ఆదివారాలు మ్యూజియం బృందంతో ఏటి ఒడ్డుకు వెళ్లడం మొదలైంది. అప్పుడు నా కళ్లు కాస్త నెత్తికెక్కిన మాట కూడా నిజం. ఆమె ఇంట్లో ఉంటోందని అనుకున్నాను. సోమవారం పొద్దున నా బల్ల మీద పెట్టెలు ఉండేవి, చీటీలతో సహా. ఎక్కడివని అడక్కుండా వాటిని సంచిలో వేసుకుని వెళ్లి నంబర్లు వేసేవాణ్ని.

చీటీలు చదవలేదా అని మీరు అడగొచ్చు. చదివాను. జాతి పేరు సరిచూశాను. ఒకసారి ఆమెను పిలిచి "నెల అంకెల్లో రాయకు, అక్షరాల్లో రాయి, అంకెలైతే తేదీకీ నెలకీ తికమక" అని పాఠం కూడా చెప్పాను. అప్పటి నుంచి అన్ని చీటీల్లోనూ నెల అక్షరాల్లోనే ఉంది. ఆ రోజు నేను ఎక్కడున్నానో, చీటీలో ఉన్న చోటు ఎక్కడో, రెండూ ఒక్కసారి కూడా, కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు కూడా, పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన మంచివాడే, పేరు పాడవుతుందని భయం. "ఎందుకండీ ఈ గొడవంతా? తేదీ పొరపాటు అని ఒక్క ముక్క రాసి, ఆ వరసలు జాబితాలోంచి ఎత్తేయండి. పంతొమ్మిది వేలల్లో మూడు వందలు ఏపాటి?" అన్నారు.

కిందికి వచ్చి అదే పని మొదలుపెట్టాను. దాచడమెందుకు, నాకూ అదే సులువనిపించింది. వరస మీద నొక్కి 'తేదీ పొరపాటు' అని ఎంచుకుంటే చాలు, ఆ వరస అందరూ చూసే జాబితాలోంచి మాయమైపోతుంది. ఏడు మాయం చేశాను. ఎనిమిదోది రాతిగుట్ట ఊట నత్త. దాన్నీ తీసేస్తే ఆ గుట్ట మీద ఆ నత్త ఎప్పుడూ లేనట్టే. మా ఆవిడ ఆ గుట్ట ఎప్పుడూ ఎక్కనట్టే. ఆమె తిరిగిన పదకొండేళ్లు ఉన్నాయనడానికి ఈ పెట్టెలు తప్ప ఈ భూమ్మీద ఇంకేమీ లేదు, నా దగ్గర కూడా లేదు. నా చేత్తో నేనే వాటిని చెరిపేస్తున్నాను. తీసేసిన ఏడూ తిరిగి పెట్టి, "ఇవి ఏరింది నేను కాదు, మరొకరు. వివరాలు కనుక్కోవడానికి కొంత గడువు కావాలి" అని ఆ అమ్మాయికి రాశాను. "ఎంతకాలమైనా ఆగుతాను" అని జవాబిచ్చింది.

ఇంక ఫోన్ చేయాలి. అదే కష్టం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నంబరు నొక్కాను. ఫోన్లో చొక్కా కనపడదని నాకూ తెలుసు. వదిన ఎత్తింది.

"ఏం మరిది గారూ, తోవ తప్పి ఇటొచ్చిందా ఫోను?"

"మీ చెల్లెలుందా వదినా?"

"ఉండకెక్కడికి పోతుంది, మిషను మీద కూచుంది. ఒంట్లో బానే ఉంటోందా మీకు?"

"బానే ఉంది. మీకు?"

"నాకేమైంది? బాగోలేదని ఎవరన్నా చెప్పారా?"

ముందు మీ చెల్లెలికి ఇవ్వమన్నాను. ఆవిడ పక్కకు తిరిగి "మీ ఆయనే" అనడం వినపడింది. మిషను చప్పుడు ఆగింది.

"చెప్పండి" అంది మా ఆవిడ.

ఎనిమిదేళ్ల తర్వాత ఏం చెప్పాలో తెలియక నేరుగా పెట్టెల సంగతిలోకి దిగాను. మధ్యలో అడ్డురాకుండా అంతా వింది.

"మూడొందల పన్నెండా? అన్ని తెచ్చానా నేను?"

"రాతిగుట్ట ఊట గుర్తుందా?"

"ఎందుకు లేదు. బస్సు దిగి క్వారీ పక్క నుంచి గంట నడక. ఊట కింద నాచు పట్టిన రాయి, దానికి అడుగువైపున ఉన్నాయవి. వేళ్లకి దొరకవని టీ వడగట్టేది పట్టుకెళ్లాను. అక్కడే పడిపోయింది. మీరు వారం రోజులు వెతికారు, వడగట్టేది ఏది, వడగట్టేది ఏది అని."

వడగట్టేది వెతికిన సంగతి నాకు బాగా గుర్తుంది.

"ఇన్నాళ్లకి ఇవెవరు అడిగారు?" అంది.

"ఒకమ్మాయి. ఏదో దేశంలో చదువుకుంటోంది. ఒకే మనిషి ఒకే రోజు రెండు చోట్ల ఎలా ఉన్నాడని అడిగింది."

కుర్చీ జరుపుకున్న చప్పుడు వినపడింది.

"మంచి పిల్ల" అంది. "రాసుకోండి, చెప్తాను."

అలా ఆదివారాలు మొదలయ్యాయి. వారానికి నలభై పెట్టెలు. పని ఫోన్లోనే గనక ఒక్కో పెట్టెకు ఒక ఫారం నింపుకుంటూ పోవాలి: చోటు కచ్చితంగా ఎక్కడ, రాయి కిందా, ఆకుల కిందా, సేకరించినవారు ఎవరు, వెంట ఉన్నవారు ఎవరు. ఈ చివరిది కొత్త ఫారంలో చేర్చారు, అనుమానం వస్తే అడగడానికి సాక్షి ఉంటారని.

"ఏ పేరు రాయమంటావు?" అని మొదటి రోజే అడిగాను.

"నా పేరే. మీ ఇంటిపేరు లేకుండా."

"సరే. వెంట ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

నలభై పెట్టెలకు నలభైసార్లు అడిగాను. నలభైసార్లూ అదే చెప్పింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకే మూడో ఆదివారానికి అడగబుద్ధి కాలేదు. అడగకుండానే ఆ గడిలో నేనే నింపుకుంటూ పోయాను. పది పెట్టెలయ్యాక ఆమె ఆగింది.

"వెంట ఎవరని అడగడం మానేశారేం?"

"తెలుసుగా, ఎవరూ లేరని."

"అయినా అడగండి. అడుగుతుంటే బాగుంది."

మళ్లీ అడగడం మొదలుపెట్టాను.

ఆ ఆదివారమే ధైర్యం చేసి ఇంకో మాట అడిగాను. ఒక్కతే తిరిగినప్పుడు చీటీలో నా పేరెందుకు రాసిందని.

"రూలు కదా. అదొకటి." మళ్లీ తనే చెప్పింది. "ఆ రోజు మీరు ఏటి దగ్గరున్నారని మీకు తెలుసుగా. చీటీ చూసి, నేనెప్పుడెళ్లాను ఈ గుట్టకి అంటారనుకున్నా. మొదటిసారి బల్ల మీద పెట్టి, వంటింట్లో నుంచి తొంగి చూశా కూడా. ఇప్పుడు పట్టుబడతాను, ఇప్పుడు పట్టుబడతాను అని నవ్వొచ్చింది."

"మరి?"

"నెల అక్షరాల్లో రాయమన్నారు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, క్షమించమని అడగడానికి ఒక సందు దొరికేది. "తర్వాతది చెప్పండి, ఎంత నంబరు?" అంది. నంబరు చెప్పాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఆదివారాల కోసం బతికాను. గంటలో అయ్యే పనిని రెండు గంటలు సాగదీశాను. రాయి ఏ రంగు, ఆ రోజు వానా ఎండా, బస్సులో సీటు దొరికిందా అని అడిగేవాణ్ని. "ఇదంతా ఫారంలో ఉందా?" అని అడిగింది ఒకసారి. లేదన్నాను. నవ్వింది. నవ్వి, సీటు దొరికిందని చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేది. టీ చేసుకునేటప్పుడు రెండు కప్పుల నీళ్లు పోసి, ఒకటి ఒంపేశాను ఒకట్రెండు సార్లు.

ఎనిమిదో ఆదివారంతో మూడు వందల పన్నెండూ పూర్తయ్యాయి.

"అయితే వచ్చే ఆదివారం మీకు పని లేదు" అంది.

"లేదు."

"నాకూ లేదు" అంది. ఆమే ముందు పెట్టేసింది.

దిద్దిన జాబితా తెరిచిన వారానికి ఆ అమ్మాయి మ్యాపు పంపింది. "ఇప్పుడన్నీ నమ్మకంగా వాడుకోవచ్చు. ఊట నత్త నా లెక్కలోకి వచ్చింది. వీటిని ఏరినావిడకు నా ధన్యవాదాలు చెప్పండి" అని రాసింది. మ్యాపులో నేను ఏరినవి నీలం చుక్కలు, ఆమె ఏరినవి ఎర్ర చుక్కలు. కింద ఏడాది మార్చే మీట ఉంది. మొదటి తొమ్మిదేళ్లూ అన్నీ నీలమే, వాటిలో ఏది ఎవరు ఏరారో చెప్పగలవాళ్లు లేరు. పదో ఏడు ఊరి అంచున ఒక ఎర్ర చుక్క కనపడింది. మరుసటి ఏడు ఇంకాస్త అవతల. నీలం చుక్కలు ఏటి ఒడ్డునే కుప్పపడి ఉన్నాయి, ఎర్రవి ఏడాదికేడాది దూరం జరుగుతున్నాయి. చివరి రెండేళ్లలో రైలు పట్టా వెంబడి, ఒక్కో స్టేషను దాటుకుంటూ, వాళ్లక్క ఊరి దాకా వెళ్లాయి. ఆఖరి ఏడు ఎర్ర చుక్కలన్నీ అక్కడే. ఒక్కరోజులో వెళ్లిపోయిందని ఎనిమిదేళ్లుగా అనుకుంటూ వచ్చాను. పదకొండేళ్ల పాటు కొంచెం కొంచెంగా వెళ్లింది, ప్రతి అడుగుకూ తేదీ వేసి నా బల్ల మీద పెట్టి వెళ్లింది, నేను నంబరు వేసి సొరుగులో సర్దాను. మ్యాపు మూసేసి చాలాసేపు ఏడ్చాను. పంపులు నడుస్తున్నాయి గనక ఎవరికీ వినపడి ఉండదు.

మర్నాడు ఆమె పేరుతో కొత్త చీటీలు పెట్టడానికి సొరుగులు తీస్తుంటే, అడుగు సొరుగులో అదే చేతిరాతతో ఇంకో పెట్టె దొరికింది. మూడు వందల పదమూడోది. చీటీలో జాతి ఉంది, తేదీ ఉంది, సేకరించినవారు నేను. చోటు మాత్రం ఖాళీ. చోటు తెలియదన్న వాటిలో కలిసిపోయి ఆ అమ్మాయి లెక్కకు అందలేదు. పెరళ్లలో దొరికే మామూలు నత్త. తేదీ ఆదివారం కాదు, గురువారం. ఆమె వెళ్లింది ఆ మర్నాడు.

ఫోన్ చేయడానికి ఒక కారణం దొరికిందని, నిజం చెప్పాలంటే, సంతోషపడ్డాను. ఆదివారం దాకా ఆగాను. మళ్లీ గడ్డం గీసుకున్నాను. ఈసారి ఆమే ఎత్తింది.

"ఇంకోటి మిగిలింది. చోటు రాయలేదు నువ్వు" అని తేదీ చెప్పాను.

"అదా" అంది. "అది మన పెరట్లోది. కొళాయి కింద బట్టలుతికే రాయి ఉందిగా, దాని పక్కన."

"మన ఇంట్లోనా?"

"ఆ. ఆ రోజు మీకు సెలవు. ముందు గదిలో చీటీలు రాసుకుంటున్నారు. నేను బట్టలు పిండుతుంటే రాయి మీదకి ఎక్కుతూ కనపడింది. మనం కలిసి తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. ఏమండీ, ఓసారి ఇలా రండి అని పిలిచాను."

"పిలిచావా?"

"వస్తున్నా అన్నారు."

ఎంత తవ్వుకున్నా నాకు గుర్తు రాలేదు. ఆ గురువారమే నాకు గుర్తు లేదు.

"గోడ మీద ఎండ పోయేదాకా కూచున్నాను" అంది. "ఆ నత్త ఓ జానెడు నడిచి ఉంటుంది. తర్వాత గడ్డిలోకి వెళ్లిపోయింది. పక్కన ఇలాంటిదే ఖాళీ గుల్ల ఉంటే పెట్టెలో పెట్టాను. చోటు ఏమని రాయాలో తెలీలేదు, వదిలేశా."

తప్పయిపోయిందని అందామనుకున్నాను. రమ్మని అడుగుదామనుకున్నాను. కనీసం నేను వస్తానని అయినా అందామనుకున్నాను. ముందున్న ఫారం చూస్తూ ఉండిపోయాను. చోటు: మా ఇంటి చిరునామా. సేకరించినవారు: ఆమె పేరు. ఇంకో గడి మిగిలింది.

"వెంట ఎవరన్నా ఉన్నారా?" అన్నాను.

అటువైపు వదిన గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడింది.

"అది మీరే రాయండి" అంది మెల్లగా. "ఇంట్లోనే ఉన్నారుగా."

"ఉంటాను మరి" అని ఫోన్ పెట్టేసింది. నా పేరు రాసుకోవచ్చు. అబద్ధమూ కాదు, అడిగేవాళ్లూ లేరు, ఆమె వద్దనలేదు. ఆ మూడు వందల పదమూడులో మా ఇద్దరి పేర్లూ ఒక్క వరసలో ఉండే చుక్క అదొక్కటే అవుతుంది. చాలాసేపు ఆలోచించాను. తర్వాత ఆ గడిలో 'ఎవరూ లేరు' అని రాసి, అందరూ చూసే జాబితాలోకి పంపేశాను.